గల్లా దగ్గరి ఫోన్

చేవెళ్ల శివారులో గులాబీలు పెంచే పాలీహౌస్. సైలెన్సర్ బిగించిన తుపాకీ ఒక్కసారే పేలింది. సరిగ్గా అప్పుడే అరికాల్లో దిగిన ముల్లు తీసుకోవడానికి వంగాడు కాబట్టి భూపాల్ బతికి బట్టకట్టాడు.

భూపాల్ డ్రోన్ ఇంజినీర్. మన డ్రోన్ డిజైన్లను ఒక విదేశీ ముఠాకు అమ్ముకున్నదెవరో మర్నాడు కోర్టులో చెప్పబోతున్న ఒకే ఒక్క సాక్షి. అతన్ని పూలతోట కూలీ వేషంలో అక్కడ దాచింది గూఢచారి విభాగం.

మొయినాబాద్‌లో విత్తనాల కంపెనీ బోర్డు తగిలించుకున్న ఫార్మ్‌హౌసే ఆ విభాగం ఆఫీసు. మధ్యాహ్నం చీఫ్ వీరేశం బ్రీఫింగ్ ముక్తసరిగా ముగించాడు.

“సాక్షి కోడ్ నేమ్ బంతి. దాచిన జాగ రాఘవేందర్‌కు, స్వప్నికకు తప్ప ఎవరికీ ఎరుక లేదు. లీక్ ఎక్కడున్నదో రాఘవేందర్ పట్టుకుంటడు.”

రాఘవేందర్‌కే ఎందుకు అప్పగించాడంటే, ప్రైవసీ విషయంలో అతని పేరు అలాంటిది. పెద్ద కంపెనీల క్లౌడ్ పేరెత్తితే మండిపడతాడు. ఇంట్లో సబ్బుపెట్టె అంత సర్వర్ పెట్టుకుని, ఫోన్లో తీసిన ప్రతి ఫొటో, రాసిన ప్రతి నోట్ మధ్యలో ఎవరి చేయీ పడకుండా నేరుగా దానికే సింక్ అయ్యేలా అమర్చుకున్నాడు. ఆ గొప్ప అతని నడకలో కూడా కనిపించేది.

అందుకే అతని అనుమానం సూటిగా తన కింద పనిచేసే స్వప్నిక మీదికి వెళ్లింది. పాపం, ఆమె అందరిలాగే క్లౌడ్ వాడుతుంది. సిబ్బంది ముందే ఆమె ఫోన్ లాక్కున్నాడు. ఇంటి తలుపులు బార్లా తెరిచి నిద్రపోయేవాళ్లు ఈ ఉద్యోగానికి పనికిరారన్నాడు. స్వప్నిక కళ్లు చెమ్మగిల్లాయి.

“మీ ఫోన్ గూడ ఒకసారి చూడుండ్రి సార్,” అంది.

నవ్వుతూ యాప్ తెరిచాడు. కనెక్టయిన పరికరాల్లో మొదట ఇంటి సర్వర్, దాని కింద ‘దుకాణం’, ఆ కింద తానెన్నడూ చూడని పేరు. నవ్వు ముఖం మీదే అతుక్కుపోయింది.

దుకాణమంటే మొయినాబాద్ బజారులో తల్లి సావిత్రమ్మ నడిపే కిరాణా. పాత ఫోన్ పారేయడం ఆ ఇంటికి చేతకాదు. ఎవరు కొత్తది కొన్నా పాతది గల్లా దగ్గరికి చేరుతుంది. రాఘవేందర్ కూడా అలాగే ఇచ్చాడు, సింక్‌లోంచి తీసేయడం మాత్రం మరిచాడు.

“అంతా సరిగ్గనే ఉన్నది,” అని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

జీపెక్కేసరికి ఆ అబద్ధానికి చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల ఇంకా అందరి చూపుల మధ్య కూర్చునే ఉందని తెలిసీ బండి స్టార్ట్ చేశాడు. అంతకంటే ఘోరం ఇంకొకటుంది. భూపాల్‌ను భక్తుడి వేషంలో చిల్కూరు గుడి దగ్గర ఒక కిరాయి గదికి మార్చి, మెట్లూ తలుపూ వెనకదారీ గంట కిందట తానే ఫొటోలు తీశాడు.

దుకాణంలో గల్లా ముందు కూర్చుని సావిత్రమ్మ తాపీగా చెప్పింది. జన్వాడ ఫార్మ్‌హౌసులో పెళ్లిళ్ల ఈవెంట్లు చేసే నవత లేదూ, నల్లకళ్లద్దాల అమ్మాయి, బాదం కోసం వచ్చి, ఫోన్ నెమ్మదిగా నడుస్తోందని బాగుచేసి ఇచ్చిందట. మధ్యలో ఫోన్ ఏదో ప్రశ్న వేసిందట.

“పొద్దంత గిరాకీలకు సరే అనే నోరాయె బిడ్డా. సరే అని నొక్కిన.”

ఆ ఒక్క సరేతో నవత ఫోన్ కూడా సింక్‌లో చేరిపోయింది. ఆ నవత ఇప్పుడే చిల్కూరు వైపు వెళ్లిందని కూడా చెప్పింది.

నవత ముఠాలో ఉంటూ విభాగానికి వార్తలందించే మనిషి. ఆమెను నమ్మవచ్చని పైకి రాసింది రాఘవేందరే. వార్తలు చూసి రాశాడో, నవ్వు చూసి రాశాడో ఇప్పుడు అతనే చెప్పలేడు.

చిల్కూరులోని కాపలావాళ్లను హెచ్చరించడానికి లేదు. సాక్షి దగ్గర ఫోన్లన్నీ ఆఫ్‌లో ఉండాలని ఆర్డరేసింది తనే. గుడికి పోయే బండ్లతో రోడ్డు కిక్కిరిసింది. హంతకుడిని అందుకునే దారి ఒక్కటే మిగిలింది, తన లీక్.

గోడౌన్లో బియ్యం బస్తాల ఫొటో తీసి, పక్కనే నోట్ రాశాడు: ‘బంతి మార్పు. మా దుకాణం వెనక గోడౌన్‌కు తరలించాం.’ తల్లిని పక్కింటికి పొమ్మని బతిమాలాడు. గల్లా విడిచి కదలనంది.

ఆఫీసు ల్యాండ్‌లైన్‌కు చేస్తే స్వప్నిక ఎత్తింది.

“స్వప్నికా, లీక్ నాదే. తెలిసి గూడ నిన్ను అట్ల కూసోబెట్టి వచ్చిన. మా దుకాణానికి టీమ్ కావాలె.”

ఆమె తిట్టినా బాగుండుననిపించింది.

“దుకాణం ఏడున్నది సార్?” అందామె.

తర్వాత విచారణలో తేలిందేమిటంటే, అప్పటికి చిల్కూరులో ఒకడు నుదుట కుంకుమతో, కొబ్బరికాయల సంచిలో పిస్తోలుతో, ఫొటోలోని వెనకదారిన వచ్చి, భూపాల్ తలుపు మీద చెయ్యి వేసి ఉన్నాడు. ఫోన్ వణికింది. నవత పంపిన మెసేజ్ చదివి, విసుక్కుంటూ మెట్లు దిగాడు.

కారు దుకాణం ముందు ఆగింది. ఏం కావాలమ్మా అని సావిత్రమ్మ అడుగుతున్నా వినకుండా నవత గోడౌన్లోకి నడిచింది, వెనకే కుంకుమబొట్టు మనిషి. బస్తాల చాటు నుంచి టీమ్ లేచింది. స్వప్నిక పిస్తోలు వాడి చెవికి ఆనింది. రాఘవేందర్ నవతకు బేడీలు వేశాడు. ఆమె కళ్లద్దాలు పైకి నెట్టి నవ్వింది.

“మీ పద్ధతి మంచిగున్నది రాఘవేందర్ గారూ. నడుమ ఏ కంపెనీ లేదు, సీదా నాకే వచ్చింది.”

ఆ మాట టీమంతా విన్నది. అతను తలెత్తలేకపోయాడు.

వీరేశం వచ్చి భూపాల్ క్షేమమని తెలుసుకుని ఊపిరి పీల్చుకున్నాడు. లీక్ మనిషి దొరికిండా అని అడిగాడు. అలవాటుకొద్దీ కొందరు స్వప్నిక వైపు చూశారు. రాఘవేందర్ తన ఫోన్ తీసి ఆమె చేతిలో పెట్టి, చీఫ్ ముందు అటెన్షన్‌లో నిలబడ్డాడు.

“దొరికిండు సార్. మీరు వెతకనీకి పంపింది ఆయన్నే.”