తిరిగొచ్చిన హెల్మెట్లు

"ఇది నాకొద్దు. దీని మీద ఏ బొమ్మా లేదు," అంది పిచ్చుక.

బడికి వేళవుతోంది. తండ్రి గుమ్మం ముందు బండి స్టార్ట్ చేసి కూర్చున్నాడు. తల్లి చేతిలో నిన్న సాయంత్రం కొన్న కొత్త హెల్మెట్ ఉంది. తొమ్మిదేళ్ళ ఆ పిల్ల మాత్రం చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, వరండా గోడకు తగిలించిన పాతదాని వైపే చూస్తోంది. తాతయ్య దానికి నీలం రంగు వేసి, పైన ఒక పిచ్చుకను గీశాడు. ఇంట్లో అందరూ ఆ పిల్లను పిలిచే పేరూ అదే.

"దానికి నచ్చిందే పెట్టుకోనివ్వమ్మా. కొత్తది బాగానే ఉంది గానీ మరీ బోసిగా ఉంది," అన్నాడు ఆ పెద్దాయన. వరండా చివర పీట మీద కూర్చుని సబ్బునీళ్ళలో ఎవరిదో హెల్మెట్ లోపలి గుడ్డ ఉతుకుతున్నాడు.

"అది వదులైపోయింది మావయ్యా. పిల్ల తల తిప్పినా హెల్మెట్ తిరగట్లేదు."

"వదులైతే లోపల స్పాంజి ముక్క అంటిస్తాను. పది నిమిషాల పని. ఈ పూటకి వెళ్ళనీ."

కోడలు గడియారం చూసుకుంది. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రే టెక్నీషియన్. ఎనిమిదింటికల్లా మెషిను దగ్గర ఉండాలి. పదేళ్ళలో మామగారితో ఆమెకు మాట పట్టింపు వచ్చింది లేదు. ఇప్పుడు ఒక బొమ్మ కోసం ఎందుకని కొత్త హెల్మెట్ బల్ల మీద పెట్టేసింది. పిచ్చుక గంతేసి బండెక్కింది.

పెద్దాయన ముప్పై రెండేళ్ళు కార్ల షెడ్డులో పెయింటరుగా చేశాడు. రంగుల గాలికి ఊపిరితిత్తులు మొరాయించాక స్ప్రే గన్ను పక్కన పెట్టాల్సి వచ్చింది. మొదటి ఏడాదంతా కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాడు. ఒకరోజు మెకానిక్ షెడ్డు వెనక చెత్తలో పాత హెల్మెట్లు కనబడితే ఇంటికి మోసుకొచ్చాడు. కడిగి, థిన్నర్‌తో పాత రంగు వదిలించి, కుంచెతో కొత్త రంగు వేసి, బొమ్మలు గీశాడు. ఉత్త తలతో బండి మీద పోయేవాళ్ళను ఆపి మరీ ఇచ్చాడు. ఎవరి దగ్గరా పైసా పుచ్చుకోలేదు. తాపీ మేస్త్రికి చేప, గోదాము కాపలావాడికి నక్షత్రాలు, లాండ్రీ బట్టలు ఇంటింటికీ చేరవేసే ఆవిడకు పొద్దుతిరుగుడు పువ్వు. చుట్టుపక్కల అందరికీ ఆయన హెల్మెట్ తాతయ్య అయిపోయాడు. ముఖంలోకి మళ్ళీ కళ వచ్చింది.

ఆ రోజు పదకొండు గంటలకు ఎక్స్‌రే గదిలోకి ఒక స్ట్రెచర్ వచ్చింది. లాండ్రీ ఆవిడ. నుదుటి మీద కట్టు, ఎడమ భుజం ఒక పక్కకు జారిపోయి ఉంది. స్ట్రెచర్ కింది అరలో ఆమె సంచీ, చెప్పులు, రెండు ముక్కలైన హెల్మెట్. పొద్దుతిరుగుడు పువ్వు నడిమధ్యకు చీలిపోయింది.

"ఎలా పడ్డారు?" అని అడిగింది కోడలు.

"మలుపులో నీళ్ళు పారుతున్నాయి, బండి జారింది," అందావిడ కళ్ళు మూసుకునే. "పెద్ద స్పీడు కూడా లేదమ్మా."

వెంట వచ్చిన డాక్టరు ఒక ముక్కను తీసి వేలితో అంచు విరిచాడు. గుడ్డు పెంకులా విరిగింది. "ఈ మాత్రం దెబ్బకి ఇలా పగలకూడదు. ఇది హెల్మెట్ కాదు, టోపీ. భుజం ముందు తగిలింది కాబట్టి బతికిపోయింది."

కోడలు ఎక్స్‌రే తీసింది. భుజం పైన కాలర్ ఎముక విరిగింది గానీ పుర్రెకు ఏమీ కాలేదు. ఆవిడను వార్డుకు పంపాక మొగుడికి ఫోన్ చేసింది.

"సాయంత్రం పిల్లని బండి మీద తీసుకురావద్దు. నడిపించుకుని రా."

"ఎండలోనా? ఏమైంది?"

"ఇంటికొచ్చాక చెప్తాను. నడిపించుకునే రా. నా మీద ఒట్టు."

నాలుగున్నరకు ఆమె ఇల్లు చేరేసరికి పెద్దాయన వరండాలో స్పాంజి ముక్కలు కత్తిరిస్తున్నాడు. "పిచ్చుక హెల్మెట్‌కేనమ్మా, రాగానే అంటించేస్తాను," అన్నాడు హుషారుగా. కోడలు సంచీలోంచి రెండు ముక్కలూ తీసి ఆయన ముందు పెట్టింది.

పెద్దాయన పువ్వును గుర్తుపట్టాడు. "ఆవిడకేమైంది?"

"బతికే ఉంది. కాలర్ ఎముక విరిగింది, నుదుటికి ఏడు కుట్లు. పడింది నెమ్మదిగానే మావయ్యా. పగలకూడనిది పగిలింది."

సరిగ్గా అప్పుడే కొడుకు, పిచ్చుక చెమటలు కక్కుతూ వచ్చారు. తల్లి పిల్లను లోపలికి పంపి తలుపు దగ్గరగా వేసింది. సంగతి విని కొడుకు ముక్కలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దానికి నాన్నేం చేస్తాడు? రోడ్డు జారితే ఎవరైనా పడతారు. అసలేమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి ఉండటం మేలు కదా?"

"ఏదో ఒకటి కాదండీ. ఏమీ లేనివాడికి భయం ఉంటుంది, చూసుకుని నడుపుతాడు. ఇది పెట్టుకున్నవాడు తల భద్రంగా ఉందనుకుంటాడు." ఆమె లోపలి థర్మోకోల్ మీద వేలు పెట్టి చూపించింది. "ఇక్కడ నొక్కుకుపోయి ఉంది చూడండి. ఇది ఇవాళ్టి దెబ్బ కాదు, ఎప్పటిదో. ఒకసారి నొక్కుకుపోయింది మళ్ళీ లేవదు. ఎవరో పడి, పనికిరాదని పారేసిన దాన్ని మనం కడిగి ఇంకొకరి తలకి పెట్టాం."

"ముప్పై రెండేళ్ళు ఈ చేతులతో పని చేశాను," అన్నాడు పెద్దాయన. "నేను ముట్టుకున్నది ఎప్పుడైనా పాడైందని ఎవరైనా అన్నారా? ఇన్నాళ్ళకి ఒక పని దొరికింది నాకు. అది కూడా నీకు అడ్డమొచ్చిందా?"

"అడ్డం రాలేదు మావయ్యా. పొద్దున నా కూతురి తలకి ఇలాంటిదే పెట్టి పంపాను. ఆ ముక్కలు చూడగానే నాకు అదే గుర్తొచ్చింది. మీ రంగు కింద ఏముందో మీకూ తెలీదు, నాకూ తెలీదు."

పెద్దాయన చూపు గోడవార ఉన్న రేకు డబ్బా మీద పడింది. అందులో థిన్నర్ ఉంది. షెడ్డులో కొత్తగా చేరిన ప్రతివాడినీ ఒకే విషయానికి తిట్టేవాడు ఆయన. 'థిన్నర్‌ని ప్లాస్టిక్ మగ్గులో పొయ్యకురా, మగ్గుని తినేస్తుంది.' అదే థిన్నర్‌తో రెండేళ్ళుగా హెల్మెట్లు రుద్దుతున్నాడు. పగిలిన ముక్కను తీసి అంచు విరిచాడు. చిటుక్కున విరిగింది.

ముక్కను కింద పెట్టి, లేచి తన గదిలోకి వెళ్ళిపోయాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. "కాస్త నెమ్మదిగా చెప్పాల్సింది," అన్నాడు కొడుకు. నెమ్మదిగా ఎలా చెప్పాలో కోడలికి తెలియలేదు.

తెల్లారి లేచేసరికి వరండా నుంచి రంపం కోత వినిపించింది. గోడకు తగిలించిన హెల్మెట్లన్నీ కింద ఉన్నాయి. పెద్దాయన ఒక్కొక్కదాన్నీ ఇనుపరంపంతో రెండుగా కోస్తున్నాడు. పిచ్చుకది అప్పటికే అయిపోయింది. పిల్ల పక్కనే కూర్చుని కళ్ళు తుడుచుకుంటూ చూస్తోంది గానీ వద్దనడం లేదు. తాతయ్య ఆమెకు ఏం చెప్పాడో ఏమో.

"ఊరికే పారేస్తే మళ్ళీ నాలాంటివాడు ఎవడో తీసుకుపోతాడు," అన్నాడు తలెత్తకుండానే. "నలభై ఒక్కటి బయట ఉన్నాయమ్మా. ఎవరికి ఏ బొమ్మ వేశానో అన్నీ గుర్తున్నాయి. వెనక్కి తీసుకురావాలి. ముందు ఆవిడ దగ్గరికి నన్ను తీసుకెళ్ళు."

వార్డులో లాండ్రీ ఆవిడ దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పెద్దాయన మంచం దగ్గర నిలబడ్డాడు.

"తప్పు నాదమ్మా," అన్నాడు. "పనికిరాని దానికి రంగు పూసి నీకిచ్చాను. నువ్వు ఏమన్నా పడతాను."

ఆవిడ నుదుటి కట్టు తడుముకుంది. "నిన్నంతా తిట్టుకున్నాను, అబద్ధం ఎందుకు. కానీ పెద్దాయనా, నా మొగుడు చెప్పాడు, మా అన్న చెప్పాడు, పోలీసు కూడా ఆపి చెప్పాడు. ఏనాడూ తలకి ఏమీ పెట్టుకోలేదు నేను. మీరు పువ్వు వేసిచ్చారని పెట్టుకున్నాను. రోజూ వీధిలో పిల్లలు పువ్వక్కా అని పిలిచేవాళ్ళు. ఇప్పుడు అలవాటైపోయింది. లేచాక కొత్తది కొనుక్కుంటాను."

"కొత్తదాని మీద బొమ్మ వెయ్యకూడదమ్మా. రంగు తినేస్తుంది."

"అయితే బండికి వెయ్యండి," అందావిడ. "బండి ముందు భాగమంతా గీసుకుపోయింది ఎలాగూ. అక్కడ ఎంత పెద్ద పువ్వు వేసినా ఎవరికీ ప్రమాదం లేదు కదా."

పెద్దాయన నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కండువాతో ముఖం కప్పుకున్నాడు. కోడలు ఆయన భుజం మీద చెయ్యి వేసి, ఆయన తేరుకునేదాకా అలాగే నిలబడింది.

బయటికొచ్చాక ఆయన గేటు దగ్గర ఆగిపోయాడు. "ఆవిడ మాట బాగుంది. పాతది తెచ్చిచ్చి, కొత్తది కొని చూపించినవాళ్ళకి బండికి ఉచితంగా రంగు వేస్తాను. పాత షెడ్డు యజమానిని అడిగితే ఆదివారాలు చోటిస్తాడు."

"మాస్కు పెట్టుకుంటేనే. లేకపోతే గన్ను దాచేస్తాను," అంది కోడలు.

"మీ అత్తగారు పోయాక ఆవిడ పెత్తనం నీకొచ్చింది," అన్నాడాయన. ఆ రెండు రోజుల్లో మొదటిసారి ఆమె నవ్వింది.

అంత తేలిగ్గా ఏమీ జరగలేదు. నక్షత్రాలాయన మొదటి మాటకే ఇచ్చేశాడు. కొందరు, ఇచ్చింది మళ్ళీ లాక్కుంటావా అని ముఖం మీదే అన్నారు. ఒకాయన తలుపే తీయలేదు. పెద్దాయన ఎవరితోనూ వాదించలేదు. కోసిన సగం ముక్క ఒకటి సంచీలో పెట్టుకుని వెళ్ళి, లోపల నొక్కుకుపోయిన చోటు చూపించి, 'నేను తెలీక చేశాను' అని చెప్పేవాడు. అది విన్నాక చాలామంది మెత్తబడ్డారు. కొడుకు కూడా తను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు నుంచి వచ్చాక రెండు వీధులు తిరిగాడు. రెండు నెలల్లో ముప్పై ఎనిమిది తిరిగొచ్చాయి. షెడ్డు ముందు ఆదివారం వచ్చిందంటే బళ్ళు వరసకట్టేవి. చెయ్యి కట్టులో ఉండగానే లాండ్రీ ఆవిడ తన బండిని తమ్ముడి చేత తోయించుకుని వచ్చి, పువ్వు ఎంత పెద్దదిగా ఉండాలో దగ్గరుండి చెప్పి వేయించుకుంది.

మిగిలిన మూడింటిలో ఒకటి తాపీ మేస్త్రిది. ఊరి చివర కొత్త కట్టడం దగ్గర పనిచేస్తున్నాడని తెలిసింది. ఆ సాయంత్రం డ్యూటీ దిగగానే కోడలు స్కూటర్ తీసింది. వెనక కూర్చోబోతున్న పెద్దాయన చేతిలో ఒక అట్టపెట్టె పెట్టింది.

విప్పితే కొత్త హెల్మెట్. "ఎవరికమ్మా ఇది?"

"మీకే. ఊరందరి తలల గురించి ఆలోచించారు. మీ తలకి ఏదీ?"

"నా తలకి అరవై ఎనిమిదేళ్ళు. దీని గ్యారంటీ ఎప్పుడో అయిపోయింది."

"హెల్మెట్ పాతదైతే కొట్లో ఇంకోటి దొరుకుతుంది మావయ్యా. మీరు దొరకరు."

పెద్దాయన హెల్మెట్ తలకి పెట్టుకున్నాడు గానీ అలవాటు లేని వేళ్ళకి గడ్డం కింద పట్టీ అందలేదు. కోడలు బండి దిగి, ఆయన గడ్డం కాస్త పైకెత్తి, టక్కున పట్టీ పెట్టింది. ఆయన కళ్ళలో నీళ్ళు నిండి ఉన్నాయి.

"బిగుతుగా ఉందమ్మా."

"అలాగే ఉండాలి మావయ్యా."

"సరే, పద," అన్నాడు పెద్దాయన, ఆమె భుజం పట్టుకుని. "చీకటి పడితే మేస్త్రి వెళ్ళిపోతాడు."