భూపాల్ మంచం పక్కన పంపు

అబిడ్స్‌లో రజని పనిచేసే భవనానికి లిఫ్టు ఉంది గానీ, అది ఎక్కే ధైర్యం చేసేవాళ్లు తక్కువ. కింద చెప్పుల దుకాణాలు, పై అంతస్తులో కంప్యూటర్ గేములు తయారు చేసే చిన్న కంపెనీ. ఆ మధ్యాహ్నం ముసురు పట్టి, పట్టపగలే లైట్లు వేసుకోవాల్సి వచ్చింది. మెట్ల వైపు నుంచి తడిసిన ఇనుము వాసన వస్తోంది. రజనికి అవేవీ పట్టలేదు. కొన్నాళ్లుగా ఒక పంపు ఆమె ప్రాణం తోడేస్తోంది.

పంపు అంటే గేములోది. అడవిలో ఊరు కట్టుకుని, అందులో మనుషులను బతికించుకునే గేమది. కొత్తగా అందులోకి రక్తం తాగే జాతిని తెస్తున్నారు. వాళ్లు రాతిపెట్టెల్లో రోజుల తరబడి నిద్రపోతారు. ఆ పెట్టె పక్కన కట్టుకునే కట్టడమే ఈ పంపు. దగ్గర్లో పడుకున్న ఖైదీ నుంచి కొంచెం కొంచెంగా రక్తం లాగి, పెట్టెలోవాడికి అందించాలి. ఖైదీ చావకూడదు, నీరసపడాలి. అంతవరకే రజనికి అప్పజెప్పిన పని.

ఆ ఆఫీసులో ఒక అలవాటుంది. "గేముల మనుషులకు మన ఇంటోళ్ల పేర్లు పెట్టుండ్రి. గప్పుడే జర మనసు పెట్టి పనిజేస్తరు" అంటాడు టీం లీడరు రాఘవేంద్ర. రజనికి ఇంట్లో ఉన్నది తమ్ముడు భూపాల్ ఒక్కడే. నాంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఇద్దరూ ఉంటున్నారు. గేములో వంటవాడికి ఆ పేరు పెట్టి నవ్వుకుంది. అసలు భూపాల్‌కు చాయ్ పెట్టడం కూడా రాదు.

ఇప్పుడా పాడు పంపు ఖైదీని వదిలేసి వంటవాడు భూపాల్ మంచానికే తగులుకుంటోంది. గొట్టం పీకేస్తే మళ్లీ వస్తోంది. మంచం అవతలి గదిలోకి మారిస్తే గోడ చుట్టూ తిరిగి మరీ వస్తోంది. 'ఎవడు రాసిండో ఈ దరిద్రం' అని పళ్లు నూరింది రజని. రాసింది తనేనని గుర్తొచ్చి ఇంకా మండింది.

సాయంత్రంలోగా అయిపోవాలని రాఘవేంద్ర ఇప్పటికే రెండుసార్లు వచ్చి నిలబడి వెళ్లాడు. ఇంట్లో చూస్తే తమ్ముడు కొన్నాళ్లుగా మంచం దిగడం లేదు. ఒంట్లో రక్తం లేదన్నారు దవాఖానలో. ఎందుకు లేదో మాత్రం చెప్పలేకపోయారు. పొద్దున అన్నం కలిపి నోట్లో పెడితే, నమలడానికి కూడా ఓపిక లేక కళ్లు మూసుకున్నాడు. వాడికేమైనా అయితే తనకు లోకంలో ఇంకెవరూ లేరు.

ఫోన్ మోగింది. భూపాలే.

"అక్కా... ఇంట్ల ఎవరన్న మోటరు పెట్టిన్రా?" గొంతు గుసగుసలాగా ఉంది.

"మోటరేంది?"

"మంచం కింద సప్పుడైతుంది. గుడ్... గుడ్... అని."

"కిందోళ్ల బోరు మోటరుంటది. పండుకో."

"గాదక్కా. నేను ఊపిరి పీలిస్తే ఆగుతుంది. ఇడిస్తే మళ్ల మొదలైతుంది."

రజని రెండో చెవికున్న హెడ్‌ఫోన్ నుంచి అదే శబ్దం వస్తోంది. గుడ్... గుడ్... పంపుకు ఆ శబ్దం పెట్టింది ఇవాళే. ఇంకా ఎవరూ వినలేదు.

గేమును ఆపింది.

"ఆగిందక్కా."

మళ్లీ నడిపింది.

"మళ్ల వచ్చింది..."

గేమును పూర్తిగా మూసేసింది. "ఇప్పుడు?"

"పెద్దగైంది... అక్కా, కాళ్లు సల్లబడుతున్నయ్..."

గబగబా మళ్లీ తెరిచింది. పంపును చెరిపేసింది. కళ్లు ఆర్పేలోగా అది మళ్లీ అక్కడే ఉంది. పోనీ వంటవాడినే తీసేద్దామని వాడి మీద నొక్కింది. 'భూపాల్‌ను తొలగించాలా?' అని అడిగింది తెర. వద్దని నొక్కి వెనక్కి తగ్గింది.

ఏడుపొచ్చింది. కోపమూ వచ్చింది. తను కట్టింది తన మాట వినదా?

అప్పుడు తట్టింది. ఆ పంపు రక్తం తాగే జాతి జోలికి పోదు. అలా పోకూడదని రాసిందీ తనే. పని తెమలనప్పుడు ఆ ఆఫీసులో అందరూ చేసేది అదే, రాతలో తప్పును, అంటే బగ్గును, సరిచేయకుండా గేములోని మనిషినే మార్చేస్తారు. భూపాల్ వివరాల్లోకి వెళ్లి, జాతి అన్నచోట 'రక్తం తాగే జాతి' మీద ఒక్క గుర్తు పెట్టింది.

గొట్టం ఊడి పడింది.

"అక్కా... ఆగింది." మంచం కిర్రుమంది. "అక్కా, ఆకలైతుంది."

ఎన్నాళ్లకు విన్నదా మాట! రజని మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది.

"అయిందా రజనీ?" వెనక నుంచి అడిగాడు రాఘవేంద్ర.

"అయింది సార్."

అతను హమ్మయ్య అనుకుంటూ వెళ్లిపోయాడు. రజని కళ్లు తుడుచుకుని తెర వైపు చూసింది. భూపాల్ మంచం ఉన్నచోట రాతిపెట్టె ఉంది. మూత వేసి ఉంది. పక్కన పంపు. దాని గొట్టం నేల మీద మెల్లగా పాకుతోంది... ఖైదీని దాటేసింది... మూల గదిలో, ఎవరో పడుకున్న మంచం దగ్గర ఆగింది. ఆ గది తను కట్టలేదు. ఆ మనిషిని తను పెట్టలేదు. ఆ మంచం మీదికి మౌస్ తీసుకెళ్తే పేరు కనిపించింది.

రజని.

ఫోన్‌లో భూపాల్ గొంతు ఇప్పుడు హుషారుగా ఉంది. "కిటికీకి దుప్పటి కట్టిన. ఎలుతురు కండ్లకు గుచ్చుతుంది. జల్ది రా అక్కా, బాగ ఆకలైతుంది."

బయట మబ్బు చీకటి. వెలుతురెక్కడిది?

తను పెట్టిన గుర్తు తీసేస్తే సరిపోతుంది. ఒక్క నొక్కు. వేలు పెట్టింది కూడా. తీసేస్తే పంపు మళ్లీ ఎవరి దగ్గరికి వెళ్తుందో ఆమెకు తెలుసు. పొద్దున నమలలేక కళ్లు మూసుకున్న మొహం గుర్తొచ్చింది.

వేలు తీసేసింది.

"వస్తున్న" అంది.

ఫోన్ పెట్టేసి, కంప్యూటర్ ఆపేసి, హెడ్‌ఫోన్ టేబుల్ మీద పెట్టింది. లేవబోతే కళ్లు తిరిగాయి. ఇనుము వాసన ఇప్పుడు మెట్ల వైపు నుంచి రావడం లేదు. కుర్చీ కింద నుంచి వస్తోంది.

గుడ్... గుడ్...

రజని ఊపిరి పీల్చింది.

శబ్దం ఆగింది.