సోమందేపల్లె మోరీ కింద గొంతు

2002 మే పన్నెండు, ఆదివారం, అమావాస్య. రాత్రి పదకొండుంబావు.

సోమందేపల్లె దాటినాక హైవే కింద ఒక మోరీ ఉండాది. వాననీళ్లు పోవడానికి కట్టినారు గానీ, ఆడ నీళ్లు పారి నాలుగేండ్లయింది. యాక్సిడెంట్లలో పోయినోళ్లు రాత్రిళ్లు ఆడి నుంచి పిలుస్తారని, పలికితే ఇంటిదాకా వెంట వస్తారని చెప్పుకుంటారు. చీకటి పడితే ఎవరూ ఆగరు.

ఈశ్వరి ఒక చిన్న ఆస్పత్రిలో నర్సు. రోడ్డు మీద దెబ్బలు తిన్నోళ్లంతా ముందు ఆమె చేతికే వస్తారు. ఆపరేషన్‌కు ముందు గుక్కెడు నీళ్లయినా ఇయ్యకూడదు. “అక్కా, రోంత నీళ్లు” అంటారు. “కొంచెం ఓర్చుకో నాయనా” అంటుంది. కొందరు అట్ల అడుగుతానే కన్ను మూస్తారు. మూడేండ్లుగా ఆ గొంతులు ఆమెకు వంటింట్లోనూ వినిపిస్తాండాయి... పండుకున్నా వినిపిస్తాండాయి. ఎవరికీ చెప్పలేదు. ఏడుపు కూడా రాదు.

ఆ రాత్రి డ్యూటీ దిగినాక మొగుడు తిప్పేష్ టీవీఎస్ మీద ఎక్కించుకొస్తాంటే, సరిగ్గా మోరీ ముందర బండి ఆగిపోయింది.

“దీనికి ఈడే రావాల్నా రోగం!” అని గొణుక్కుంటా తిప్పేష్ తోయబట్టినాడు.

అప్పుడు — కింద నుంచి —

“నీళ్లు... రోంత నీళ్లు...”

ఈశ్వరి ఉలికిపడలేదు. రోజూ వినేదే. “కొంచెం ఓర్చుకో నాయనా” అని అలవాటుగా అనేసి, ముందుకు నడిచింది.

తిప్పేష్ ఆమె చెయ్యి పట్టేసుకున్నాడు.

“పలికినావు గదే! పలకగూడదే...”

ఆమె ఆగిపోయింది.

“యో... నీకూ ఇనబడిందా?”

“ఇనబడకేమే, నాకేం చెవుడా?”

అప్పుడు జల్లుమనింది ఈశ్వరికి ఒళ్లు. ఆయనకూ వినబడిందంటే — అది బతికున్న మనిషి.

చెయ్యి విడిపించుకుని గట్టు మీంచి జారింది.

“దెయ్యం గాదు తల్లీ... గొర్రెల ఎర్రప్పను.”

లారీ తగిలి, కాలు విరిగి, పొద్దుగూకినప్పటి నుంచి పిలుస్తానే ఉన్నాడంట. విన్నోళ్లంతా పరుగెత్తినారు. ఈశ్వరి పైటచెంగు చించి కట్టు కట్టింది. జీపు ఆపి, మళ్లీ ఆస్పత్రికే పోయింది.

తెల్లారి ఎర్రప్పకు గండం తప్పిందని చెప్తా, అత్త నల్లమ్మకు ఈశ్వరి ఆ గొంతుల సంగతీ చెప్పేసింది. నల్లమ్మ దిష్టి తీయలేదు. “ఎవరెవరే అమ్మీ?” అని మాత్రం అడిగింది.

పేర్లు తెలీవు. పచ్చ రవికె ఆమె. గుత్తి డ్రైవరు. పెండ్లిబట్టల్లోనే వచ్చినాయన... ఈశ్వరి చెప్పుకుంటా పోయింది. ఇంట్లో పోయిన పెద్దలకు పెట్టినట్టే, పటాల ముందర మనిషికొక లోటా నీళ్లు పెట్టింది నల్లమ్మ. ఊరికి నీళ్ల ట్యాంకరు రావడానికి ఇంకా రెండ్రోజులుండాది; అయినా ఆమె బిందె వంచుతానే పోయింది. ఇంట్లో లోటాలు అయిపోతే, తిప్పేష్ లేచి పక్కింటికి పోయి అడిగి తెచ్చినాడు.