అరువు బొమ్మకు ఒక గోడ

"ఈ గోడ పనికిరాదండీ."

అతను ఆ ఇంట్లో అడుగుపెట్టి రెండు నిమిషాలు కూడా కాలేదు. మంచినీళ్లు తెచ్చిన అమ్మాయి గ్లాసు చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

"ఏం, దానికేం వచ్చింది?"

"చెమ్మ." చేతిలో మీటరు చూపించాడు. సబ్బుపెట్టెంత ఉంటుందది. దాని రెండు సూదులూ గోడకి ఆనిస్తే లోపల ఎంత తడి ఉందో అంకె చూపిస్తుంది. "పన్నెండు దాటకూడదు. ఇక్కడ ఇరవై ఒకటి ఉంది."

"ఆరేళ్లుగా ఈ గోడతోనే కాపురం చేస్తున్నాం. మాకేం కాలేదే!"

"మీకు కాదండీ, ఈ గోడకి తగిలించే బొమ్మకి అవుతుంది. బూజు పడుతుంది."

"అంటే మేం ఏమైపోయినా ఫర్వాలేదన్నమాట."

"మనుషుల సంగతి మా డిపార్ట్‌మెంటు కాదండీ."

వంటింట్లోంచి ఎవరో పెద్దగా నవ్వారు. ఆ నవ్వు అమ్మాయి పిన్నిది. ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.

రెండో గోడ మీద మధ్యాహ్నం ఎండ పడుతుందని అతను దాన్నీ కొట్టేశాడు. భోజనాల బల్ల పక్కనున్న మూడో గోడ దగ్గర మీటరు తొమ్మిది చూపించింది. "ఇది పాసు" అన్నాడు.

"అమ్మయ్య! మూడింటికి ఒక్కటే పాసు. మరీ ఇంత స్ట్రిక్టయితే ఎలా మాస్టారూ?" అని గ్లాసు అందించింది.

అప్పటినుంచి అతను గోడల మాస్టారయ్యాడు.

మ్యూజియం అంటే టికెట్టు కొని, చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు తగ్గించి తిరిగొచ్చే చోటని చాలామంది అనుకుంటారు. అతను పనిచేసే మ్యూజియానికి టికెట్టు లేదు. పైగా దాని వెనకవైపు, మెట్ల కింద, పొడుగాటి గది ఒకటుంది. అందులో ఇనప అరల నిండా ఫ్రేము కట్టిన బొమ్మలు మూడు వందల పైచిలుకు పుస్తకాల్లా వరసగా నిలబెట్టి ఉంటాయి. ఊళ్లో ఎవరైనా సరే, కార్డు తీసుకుని నచ్చిన బొమ్మని మూడు నెలలు ఇంటికి పట్టుకెళ్లవచ్చు. ఇచ్చేముందు మ్యూజియం మనిషి వచ్చి గోడ చూసి వెళతాడు, అంతే. అరువు సొమ్ము బరువు చేటంటారు గానీ, ఆ ఊళ్లో అరువు బొమ్మలు ఇల్లిల్లూ సుఖంగానే తిరుగుతున్నాయి.

నాలుగేళ్లలో అతను రెండు వందల పన్నెండు ఇళ్ల గోడలు చూశాడు. ఎవరు, ఏ గోడ, ఏ బొమ్మ అని రిజిస్టర్లో రాసేవాడు. అవి ఆఫీసుకి. వాటితోపాటు జేబులో నోటుబుక్కు ఒకటుండేది. అందులో ఇంకో గడి గీసుకున్నాడు: ఎందుకు?

రోజంతా రోడ్డే చూసే బస్సు డ్రైవరు సముద్రం బొమ్మ తీసుకున్నాడు, ఎదురుగా ఇంకో బండి రాని చోటు కావాలి కనక. నర్సు ఒకావిడ మనిషన్నవాడు లేని కొండల బొమ్మ తీసుకుంది, ఎందుకో చెప్పనక్కర్లేదు. ఇలా ఒక్కొక్కరి మనసూ వాళ్ల గోడ మీద చదివేసి, ఒక్కొక్క వాక్యంలో రాసి పెట్టేవాడు. ఎవరినీ అడిగి సరిచూసుకోలేదు కాబట్టి అతని లెక్క ఎన్నడూ తప్పలేదు.

అతని సొంత గదిలో మాత్రం గోడకి మేకు కూడా లేదు. తన ఇంటికి ఎవరైనా వస్తే, తనలాంటి వాడే వస్తే, తను తగిలించుకున్న బొమ్మ చూసి తన గురించి ఏం రాసుకుంటాడో అని జంకు. ఆ జంకుకి అతను పెట్టుకున్న పేరు తీరిక లేకపోవడం.

గోడ పాసయిన మర్నాడే ఆ అమ్మాయి మెట్ల కింద గదికి వచ్చింది. కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్షించడం ఆమె ఉద్యోగం. అరలన్నీ అటూ ఇటూ తిరిగి, నాలుగైదు బొమ్మలు పైకి లాగి చూసి, చివరికి ఓ చిన్న ఫ్రేము పట్టుకొచ్చి బల్ల మీద పెట్టింది. కిటికీ పక్కన ఖాళీ కుర్చీ. కుర్చీ వీపు మీంచి వేలాడుతున్న శాలువా. ఇంకేమీ లేదు.

"ఇదేనా?" అన్నాడతను.

"ఏం, ఇది కూడా ఫెయిలా?"

"కాదండీ. చాలామంది దీన్ని దాటేసి వెళ్లిపోతారు."

"నేను ఆగాను" అంది తేలిగ్గా.

ఆ సాయంత్రం నోటుబుక్కులో అతను చాలాసేపు ఏమీ రాయలేదు. ఆరేళ్లుగా పిన్నితో ఉంటోంది. బోలెడు నవ్వుతుంది. ఖాళీ కుర్చీ తీసుకుంది. ఆఖరికి ఇలా రాశాడు: "ఎవరో పోయారు. శాలువా వాళ్లది."

ఒకసారి అలా రాశాక, ఆమె ఏం చేసినా ఆ వాక్యంలోకే వచ్చి కూర్చునేది.

మూడు నెలల గడువు అయ్యాక మళ్లీ మూడు నెలలు పొడిగించుకోవచ్చు. దానికి ఫోను చేస్తే చాలు, నంబరు కార్డు వెనకే ఉంటుంది. అందరూ ఫోనే చేస్తారు. ఆమె మాత్రం బొమ్మని దుప్పట్లో చుట్టి, రెండు బస్సులు మారి పట్టుకొచ్చింది.

"దీన్ని తేనక్కర్లేదండీ" అన్నాడు.

"దానిక్కూడా కాస్త బయటి గాలి కావాలి కదా మాస్టారూ."

ఒక్క రోజైనా దాన్ని ఒంటరిగా వదల్లేదు పాపం, అనుకున్నాడతను.

ఆమె వెంటనే వెళ్లలేదు. స్టూలు లాక్కుని కూర్చుంది. దుకాణానికొచ్చే ఒక పెద్దాయన చార్టులోని అక్షరాలన్నీ కంఠతా పట్టి, కళ్లు మూసుకుని కూడా గడగడా అప్పజెబుతాడట. "చూడటం మానేసి చెప్పేస్తుంటారు. అలాంటివాళ్లతోనే మాకు కష్టం" అంది. అతను నవ్వాడు. ఆ మాట తనకి తగలవచ్చని అతనికి తోచలేదు.

ఇంకో మూడు నెలలకి మళ్లీ అలాగే వచ్చింది, మళ్లీ స్టూలు లాక్కుంది. గడువు దగ్గర పడే వారంలో అతను చొక్కాలు ఇస్త్రీ చేయించుకునేవాడు. బల్ల మీది దుమ్ము రెండుసార్లు తుడిచేవాడు. ఎందుకని నోటుబుక్కులో రాసుకోలేదు. దీపం కింద చీకటి అంటారు, అదే. పైగా మనసులో దుఃఖం దాచుకున్న మనిషి దగ్గర తన ఇష్టం సంగతి ఎత్తడం, ఏడుస్తున్నవాళ్లని టైమెంతయిందని అడగడంలా ఉంటుందని అతని అభిప్రాయం. అందుకని నోరు కుట్టేసుకున్నాడు.

తొమ్మిది నెలలు దాటితే ఒకే బొమ్మ ఒకే ఇంట్లో ఉండకూడదు. అది రూలు. ఆ కుర్చీ కోసం ఇంకొకరు పేరు కూడా రాయించుకున్నారు. ఈసారి ఆమె బొమ్మని వదిలేసి వెళ్లాల్సిందే. ఆ దెబ్బకి ఆమె ఏమైపోతుందోనని అతను వారం రోజులు ఆలోచించి, చివరికి ఓ ఏర్పాటు చేసి పెట్టాడు.

ఆ రోజు వాన. ఆమె గదిలోకి వచ్చేసరికి జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి. తన రెయిన్‌కోటు తీసి బొమ్మకి తొడిగి, తను తడుస్తూ వచ్చింది.

"ఇదేంటండీ!" అన్నాడు అతను లేచి నిలబడి.

"మనుషుల సంగతి మీ డిపార్ట్‌మెంటు కాదుగా. బొమ్మ తడిస్తే మీరు ఊరుకుంటారా?" తుమ్మి, నవ్వి, స్టూలు లాక్కుంది. "ఇక దీన్ని ఇవ్వరట కదా? ఇంకోటి ఇవ్వండి."

అతని గుండె కరిగిపోయింది. సొరుగులోంచి కాగితం ఒకటి తీశాడు.

"దాన్ని వదలడం కష్టమని నాకు తెలుసండీ. వెంటనే ఇంకో బొమ్మ పెట్టుకుంటే తగ్గేది కాదిది. మా మ్యూజియంలో గురువారం గురువారం మట్టితో బొమ్మలు చేసే మట్టి క్లాసు పెడతారు. మీలాంటివాళ్ల కోసమే. కూర్చుని ఏదో ఒకటి చేస్తూ ఉంటే మనసు తేలికపడుతుంది. మీ పేరు నేనే రాసేశాను."

ఆమె కాగితం అందుకుని చదివింది. పైన ఆమె పేరు అతని చేతిరాతలో ఉంది. కింద, "పోయినవారు మీకు ఏమవుతారు?" అన్న ప్రశ్న ఎదురుగా చుక్కల గీత ఖాళీగా ఉంది.

"ఎవరు పోయారు?" అంది.

"అదే... ఆ కుర్చీలో..."

"ఆ కుర్చీలో ఎవరున్నారు?"

"మీరు చెప్పకపోయినా ఫర్వాలేదండీ. నాకు అర్థమవుతుంది."

"ఎలా అర్థమవుతుంది? నన్ను అడిగారా?"

అతని చూపు కాగితం మీది చుక్కల గీత మీదికి పోయింది.

"తొమ్మిది నెలలనుంచి నా మీద జాలిపడుతున్నారా మీరు?" గొంతు పెంచలేదు. అందుకే అతనికి ఎక్కువ భయం వేసింది. "నేను నవ్వినప్పుడల్లా, పాపం ఎలా నవ్వుతోందో అనుకున్నారా?"

నిజమే కనక అతను అబద్ధం చెప్పలేకపోయాడు.

ఆమె కార్డు తీసి కాగితం పక్కన పెట్టింది. "కాన్సిల్ చెయ్యండి" అని, రెయిన్‌కోటు సంగతే మర్చిపోయి, వానలోకి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం సంతకాల కోసం పెద్ద మేడమ్ కిందికి దిగింది. రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి, మాట తిన్నగా ఉంటుంది. బల్ల మీది కార్డు, కుర్చీ బొమ్మ మీది రెయిన్‌కోటు, అతని మొహం, మూడూ చూసింది.

"ఏమయ్యా, ఏం చేశావు?"

చెప్పాడు. మట్టి క్లాసు దాకా వచ్చేసరికి ఆవిడ కళ్లజోడు తీసేసింది.

"రెన్యువల్‌కి ఫోను చేస్తే చాలని ఆ అమ్మాయికి తెలీదా?"

"కార్డు మీదే ఉందండీ."

"చదవడం రాదా?"

"అక్షరాలు చదివించడమే ఆమె ఉద్యోగం."

మేడమ్ రిజిస్టరు తిప్పింది. రెన్యువల్ గడిలో పేజీలకి పేజీలు "ఫోను, ఫోను, ఫోను." రెండు చోట్ల మాత్రం "స్వయంగా" అని ఉంది. రెండూ ఒకే పేరు ఎదురుగా ఉన్నాయి. రాసింది తనే.

"ఆ కుర్చీని విడిచి ఉండలేక అనుకున్నానండీ..."

"ఆ అమ్మాయి ఏ బొమ్మ మోసుకొచ్చిందో చూశావు. ఎవరి దగ్గరికి మోసుకొచ్చిందో చూడలేదు." కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "నాలుగేళ్లుగా ఊరందరి గోడలూ చూస్తున్నావు. పోయి ఆ కోటు ఇచ్చిరా. గొడుగేసుకుని వెళ్లకు, నువ్వూ కాస్త తడిసే వెళ్లు."

వెళ్లాడు. దారిలో బస్సు కిటికీ దగ్గర కూర్చుని తన గురించి తను ఆలోచించుకున్నాడు. ఎదుటి మనిషిని అడిగితే "కాదు" అనవచ్చు. ఊహించుకుంటే ఎవరూ కాదనరు. ఈ తెలివంతా ఆ ఒక్క "కాదు"కి భయపడి పెంచుకున్నదే. ఇన్నాళ్లూ దాన్ని సున్నితత్వం అనుకుంటూ వచ్చాడు. ఇంత చిన్న సంగతి కనుక్కోవడానికి రెండు బస్సులు పట్టాయి.

పిన్ని తలుపు తీసింది. "రా బాబూ. అది ఇంకా దుకాణం నుంచి రాలేదు, ఫోన్లో మాత్రం అంతా చెప్పింది. మట్టి క్లాసు మాస్టారివి నువ్వేగా?"

అతను రెయిన్‌కోటు అందించి తల వంచుకున్నాడు.

"సిగ్గుపడింది చాల్లే, కూర్చో. ఒక్క మాట అడుగుతాను. అది ఆ బొమ్మే ఎందుకు తెచ్చిందనుకున్నావు?"

తొలిసారిగా అతను ఊహించలేదు. "తెలీదండీ" అన్నాడు.

"మీ గదిలో ఉన్నవాటిలోకెల్లా అదే చిన్నదట. బస్సులో ఒళ్లో పెట్టుకోవచ్చునంది. మాటిమాటికీ మోసుకుపోవాలి కదా మరి!"

అంతలో వెనక చెప్పుల చప్పుడు. ఆమె గుమ్మంలోనే ఆగింది. "గోడలు మళ్లీ చెకింగా?"

"కాదు. గోడలో లోపం లేదు." లేచి నిలబడ్డాడు. జేబులోంచి కార్డు తీశాడు. "దీన్ని నేను కాన్సిల్ చెయ్యలేదు. గడువు ఎప్పుడొస్తుందా అని తొమ్మిది నెలలు ఎదురుచూశాను. మీరొచ్చే రోజుకి చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాణ్ణి. అది జాలి కాదండీ. జాలి అని పేరు పెట్టుకుంటే ధైర్యం అక్కర్లేదని అలా పెట్టుకున్నాను."

ఆమె లోపలికి వచ్చింది. భోజనాల బల్ల పక్కన, బొమ్మ తీసేసిన గోడ మీది ఒంటరి మేకు వైపు చూసింది.

"రోజూ అన్నం తినేటప్పుడు ఆ కుర్చీ మాకు ఎదురుగా ఉండేది" అంది. "పిన్ని రోజూ అడిగేది, ఇందులోకి ఎవరొస్తారే అని. మేం వచ్చేవాళ్ల గురించి అనుకుంటుంటే, మీరు పోయినవాళ్ల లెక్క రాసుకున్నారు."

"తప్పు చదివాను."

"చార్టు కంఠతా పట్టేసే పెద్దాయన సంగతి చెప్పానా లేదా? అప్పుడైనా వెలగలేదు మీకు!" కోపం ఇంకా కాస్త ఉంది గానీ, పెదవి చివర అది నిలబడలేకపోతోంది. కార్డు తీసుకుని బ్యాగులో పడేసుకుంది. "రేపు గదికి వస్తాను. ఈసారి పెద్ద బొమ్మ కావాలి."

"ఎంత పెద్దది?"

"నేనొక్కదాన్నీ మోయలేనంత."

అతని చెయ్యి అలవాటుకొద్దీ జేబులోని నోటుబుక్కు మీదికి పోయింది. పట్టుకుని, మళ్లీ వదిలేశాడు.

"ఎందుకు?" అని నోరు తెరిచి ఆమెనే అడిగాడు.

"అమ్మయ్య, అడిగాడే!" అంది పిన్ని వంటింట్లోకి నడుస్తూ.

"బస్సెక్కాక చెప్తాను" అందామె. "రెండో చివర మీరు పట్టుకుంటే."