పెంటప్ప కార్ఖానాల ఇంగ్లీషు దయ్యం

కుంఠా నాకా దాటినంక పెంటప్ప మగ్గాల కార్ఖానా ఉన్న గల్లీ వస్తది. చీకటి పడినంక అటు ఎవ్వలు పోరు. పెంటప్ప మగ్గం మీదనే కూలబడి సచ్చిండు. కొడుకులు వాటాల కాడ కొట్లాడి, తాళం ఏసి ఎటోళ్ళు అటు పోయిన్రు. తాళం ఏసిన కార్ఖానాల దయ్యం చేరుడు మా దిక్కు మామూలే.

కని ఇది మామూలు దయ్యం కాదు... ఇంగ్లీషు మాట్లాడుతది.

తొంభై ఒకటో, రెండో — ఆ దినాల సంగతి. మొదలు ఇన్నది మా గంగుబాయి అత్త. కార్ఖానాలకెల్లి "హూ ఆర్ యూ" అని ఇనొచ్చిందట. ఇంటికొచ్చి జ్వరమని ముసుగు తన్ని పండుకున్నది. బతికినన్ని దినాలు పెంటప్పకు ఇంట్ల తెలుగు, బతకనొచ్చిన ఊరు మరాఠోళ్ళది గనుక బజార్ల మరాఠీ, పనోళ్ళను తిట్టనీకి హిందీ — అంతే వచ్చు. సచ్చినంక ఇంగ్లీషు నేర్చిండంటె, ఆ లోకంల బడులు మా బడులకన్న మంచిగ నడుస్తున్నట్టే.

గల్లీల ఇంగ్లీషు వచ్చినాయన ఒక్కడే — అంబాదాస్ మాస్తర్. ఆయన కూడ అప్పుడు ఊళ్ళె లేడు. బడికి ఏడాది సెలవు పెట్టి, సముద్రం నడుమ ఏదో దీవిల పిల్లలకు ఉత్తగ ఇంగ్లీషు చెప్పనీకి పోయిండు. జీతం లేదు. సేవ. మా గల్లీ పిల్లలు సగంమంది ఇంగ్లీషుల తప్పిన్రు గని, పాపం, వాళ్ళు దీవిల పుట్టలేదు. ఏం చేస్తం?

పోయేనాడు ఆయనకు చౌక్ల పూలదండ ఏసిన్రు. దండ ఆయనకు, ఇల్లు ఆయన భార్య బాలమణికి. పొద్దందాక బీడీలు చుట్టి ఆయన తల్లిని సాదింది. సేవ చేసిన పేరు మాత్రం ఆయనదే.

తిరిగొచ్చినంక మాస్తర్ చాయ్ దుకాణంల కూసుంటె దీవి ముచ్చట్లే. "అక్కడోళ్ళకు నేనంటె ప్రాణం. దయ్యం గియ్యం అంటె నమ్మొద్దని వాళ్ళకు గట్టిగ చెప్పొచ్చిన."

చాయ్ పోస్తున్న రాములు గ్లాసు చేతికిచ్చుకుంట అన్నడు — "అయితె మన దయ్యంతోని జర మాట్లాడున్రి మాస్తర్. మాకు దాని భాష రాదు."

అందరు నవ్విన్రు. మాస్తర్‌కు ఇంక ఎనుకకు పోయేటట్టు లేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది. నాకా మీది కరెంటు మగ్గాలన్ని ఒక్కపారి ఆగినయ్. ఆ చప్పుడుల పుట్టి పెరిగినోళ్ళకు చప్పుడు లేకపోవుడే పెద్ద భయం. జనం గల్లీ మొదట్ల నిలబడ్డరు. మాస్తర్ టార్చి పట్టుకొని ఒక్కడే నడిసిండు.

తలుపు సందులకెల్లి తంబాకు వాసన... ఎవరో ఊపిరి పీల్చినట్టు...

"హూ... ఆర్... యూ?"

టార్చి చేతులకెల్లి జారింది.

"వాట్ ఈజ్ యువర్ నేమ్?"

ఆయన దీవి పిల్లలకు చెప్పిన మొదటి పాఠం అదే. జవాబు ఉన్నది... నాలుకే కదల్తలేదు.

"అం... అంబాదాస్..."

లోపటికెల్లి —

"ఫుల్ సెంటెన్స్!"

మాస్తర్ ఉరుకబోయి, కాలు తట్టుకొని తలుపు మీదనే పడ్డడు. తాళం ఎప్పుడో ఊడినట్టుంది, తలుపు తెరుసుకున్నది. కండ్లు గట్టిగ మూసుకొని దండం పెట్టిండు. "పెంటప్ప కాకా... తప్పయింది... మా బాలమణి ఒక్కతయితది... నన్ను ఇడిసిపెట్టు..."

ఎవరో కిసుక్కుమన్నరు.

కండ్లు తెరిస్తె — చిమ్నీ దీపం. దుమ్ము పట్టిన మగ్గాల నడుమ, బీడీల చాటలు ముందట పెట్టుకొని ఆడోళ్ళు. కొంగు నోట్ల కుక్కుకొని నవ్వు ఆపుకుంట మా గంగుబాయి అత్త. గోడ కాడ సుద్దముక్క పట్టుకొని శాంత — పదో తరగతి దాక చదివొచ్చిన పక్కింటి కోడలు. ఇంట్ల పుస్తకం ముట్టుకుంటె ఆమె అత్త ఊకోదు. అందరికన్న ముందట... బాలమణి.

"నువ్వా?"

"నేనే. మెల్లగ మాట్లాడు. బయట జనం ఉన్నరు."

"దయ్యమని..."

"గంగుబాయి పుట్టించింది. లేకుంటె మమ్మల్ని ఇక్కడ కూసోనిస్తరా? బీడీలు చుట్టనీకి గంగుబాయి ఇంటికి పోతున్నమని ఇంట్ల చెప్పొస్తం."

"గిదంత దేనికి బాలమణీ?"

ఆమె తల దించుకోలేదు. "గల్లీకి గొప్ప కనపడాలని నాకు ఇంగ్లీషుల ఉత్తరాలు రాస్తివి. దవాఖాన కంపౌండర్ కాడ చదివిచ్చుకుంటి. పదిమంది ముందట గట్టిగ చదివిండు — 'ఐ మిస్ యూ.' మిస్ అంటె తప్పిపోవుడట. 'మీ ఆయన నిన్ను ఏ సముద్రంలనో పోగొట్టుకున్నడు బాలమణీ' అన్నడు. అందరు నవ్విన్రు. నేను సుత నవ్విన... ఇంటికొచ్చి ఏడ్చిన."

"నన్నడిగితె నేనే నేర్పుదు గద..."

"అడిగిన. సంచి సదురుకుంట, బీడీలు చుట్టెదానికి ఇంగ్లీషెందుకని నవ్వితివి."

మాస్తర్ తల దించుకొని, ఊడిన చెప్పు కోసం దేవులాడిండు.

బయటికెల్లి రాములు కేక — "మాస్తర్! బతికున్నరా?"

లోపట ఆడోళ్ళు దీపం వత్తి దించిన్రు. ఆయన ఒక్క మాట చెప్తె, తెల్లారేసరికి అందరి అత్తలు, మొగుళ్ళు ఇక్కడుంటరు. మాస్తర్ లేసిండు. ఒక్క చెప్పుతోని కుంటుకుంట బయటికి పోయిండు.

"ఉన్నదా?"

"ఉన్నది."

"ఏమన్నది?"

"ప్రశ్న అడిగింది... నాకు జవాబు రాలేదు. మీరెవ్వలు ఈ దిక్కు రాకున్రి."

అందరు నమ్మిన్రు. తనకు రాదని మాస్తర్ నోటెంట ఇనుడు వాళ్ళకు అదే మొదలు. దయ్యం కాకుంటె అట్ల ఎవరనిపిస్తరు?

తెల్లారి రాత్రి బువ్వ తిన్నంక బాలమణి చాట చంకల పెట్టుకున్నది. గడపల నిలబడి అడిగింది —

"వస్తవా?"

"వస్త. ఏ పాఠం చెప్పాలె?"

"పాఠం శాంత చెప్తది. నువ్వు బయట చీకట్ల కూసోని మూలుగు. ఎవలన్న వస్తె గట్టిగ మూలుగు."

మొదట్ల జర సిగ్గుపడ్డడట గని, రాను రాను మంచిగ మూలిగెటోడని గంగుబాయి అత్త చెప్తది.