పచ్చదీపం వెలుగుతున్న కారు

2074 నాటికి దోర్నాల ఘాట్‌రోడ్డు మీద బీమా లేని బండి ఒక్కటీ తిరగడం లేదు. తిరగాలన్నా తిరగలేదు. స్టార్ట్ చెయ్యగానే బండి తన బీమాను రోడ్డుకు చూపించాలి, రోడ్డు ఒప్పుకుంటేనే మోటారు కదులుతుంది. ఆ తర్వాతా క్షణానికోసారి తనిఖీ సాగుతూనే ఉంటుంది. ఈ ఏర్పాటుకు బీమాసాక్షి అని పేరు. దాన్ని కనిపెట్టిన డాక్టర్ హైమావతి ఆ మధ్యాహ్నం అదే ఘాట్‌లో, బోల్తాపడిన తన కారులో, కాళ్ళు ఇరుక్కుపోయి పడి ఉంది.

పక్కనే డ్రైవరు కాశింపీరా. పదకొండేళ్ళుగా ఆమె దగ్గర పనిచేస్తున్నవాడు. అతని తొడ నుంచి నెత్తురు ఆగడం లేదు.

"అంబులెన్సు ఎంతసేపట్లో వస్తుంది?" అని ఆమె కారునే అడిగింది.

"గంటన్నర. దగ్గర్లో ఖాళీ అంబులెన్సు లేదు," అంది కారులోని బీమాసాక్షి. "మీ బీమా చెల్లుబాటులో ఉంది. పరిహారం అందుతుంది."

కొండ దిగితే ఆసుపత్రి ఇరవై నిమిషాలు. ఏ కారు ఆగినా కాశింపీరా బతుకుతాడు. కార్లు వస్తూనే ఉన్నాయి. ప్రతి కారూ కాస్త నెమ్మదించి, బోల్తాపడ్డ కారు మీద బీమా ఉందని చూపే పచ్చదీపాన్ని చూసి, లోపలివాళ్ళకు ఆ మాటే చెప్పేది. బీమా ఉంది, పరిహారం అందుతుంది. ఇంకేం కావాలి? వెళ్ళిపోయేవాళ్ళు.

"ఒకప్పుడు ఇట్టా ఉండేది కాదంట మేడంగారూ," అన్నాడు కాశింపీరా నీరసంగా. "మా తాత లారీ బోల్తాపడితే నిమిషంలో వందమంది మూగినారంట. తిట్టినారు, చొక్కా పట్టుకున్నారు. మళ్ళా వాళ్ళే ఆటోలో ఎక్కించినారు."

ఆ గుంపును రోడ్డు మీద లేకుండా చేశానని ఎన్నో సభల్లో హైమావతి గొప్పగా చెప్పుకుంది. యాక్సిడెంటు అయితే జనం పోగై, తప్పెవరిదో తేల్చి, నష్టానికి బేరమాడే ఆ రోడ్డు పంచాయితీ అంటే ఆమెకు అసహ్యం. తేల్చడానికి ఏమీ మిగలకపోతే జనం పోగవరనుకుంది. అనుకున్నట్టే అయింది. తిట్టే నోళ్ళతోపాటు ఎత్తే చేతులూ పోతాయని మాత్రం అప్పుడు తట్టలేదు.

"నా పాలసీ రద్దు చెయ్యి," అంది.

"దీపం ఎర్రబడుతుంది. పరిహారం రాదు."

"తెలుసు. చెయ్యి."

ఎర్రదీపం వెలగగానే ఒక కారు ఆగింది. వెనకే రెండోది, మూడోది. చాలామంది ఎర్రదీపాన్ని చూడడం అదే మొదలు. బీమా లేకుండా రోడ్డెక్కడానికి సిగ్గుండాలని ఒకాయన అరిచాడు. ఆ తిట్టు విని హైమావతికి సంతోషంతో ఏడుపొచ్చింది.

ఒక పెద్దావిడ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. వెనక నుంచి ఆమె కారు గట్టిగా పలికింది. "బీమా లేని వాహనాన్ని పోలీసులు వచ్చేదాకా తాకరాదు. తాకినవారి బీమా రద్దవుతుంది."

పెద్దావిడ ఆగిపోయింది. బీమా లేని బండిని తప్పించి, ఆ చోట వేరే బండిని నిలబెట్టే మోసగాళ్ళ కోసం పెట్టిన నిబంధన అది. రాసింది హైమావతే.

"నా పాలసీ మళ్ళీ ఇవ్వు," అంది కంగారుగా.

"బండి తనిఖీ అయ్యాకే ఇస్తాం."

ఆమె జనం వైపు తిరిగి బతిమాలింది. "ఒక్కరు బీమా పోగొట్టుకుంటే చాలు. ఇతన్ని బయటికి లాగండి. ఇంకొకరి కార్లో తీసుకెళ్ళొచ్చు."

ఒకాయన పక్కాయనతో, "ముందు ఆగింది మీరు కదండీ," అన్నాడు. "మాకు చంటిబిడ్డ ఉంది, మీరిద్దరే కదా," అంది ఇంకొకావిడ. "మీదెటూ పాత కారేగా," అన్నారు మరెవరో. గొంతులు పెరిగాయి.

"జనం వచ్చినారా మేడంగారూ?" కళ్ళు తెరవలేక అడిగాడు కాశింపీరా.

"వచ్చారు."

"ఏందో అరుస్తున్నారే."

"ఎవరు ఎత్తాలో తేల్చుకుంటున్నారు."

"అయితే ఎత్తుతార్లెండి," అన్నాడతను తేలిగ్గా ఊపిరి వదిలి. మళ్ళీ మాట్లాడలేదు. హైమావతి పేరు పెట్టి పిలిచింది, చెయ్యి పట్టుకుని కుదిపింది. పోలీసులు వచ్చేసరికి జనం ఇంకా తేల్చుకుంటూనే ఉన్నారు.