చెక్క మీద రూపాయి

నాందేడ్‌లో మా బాపుకు వీడియో గేమ్ దుకాణం ఉండేదని చెబితే మా ఆయన ఇప్పటికీ నవ్వుతారు. మామగారు కిషన్‌రావు సేఠ్ అంటే బట్టల వ్యాపారి అనే ఆయనకు తెలుసు. బట్టల కొట్టు తర్వాత వచ్చింది. అంతకుముందు ఆరేడేళ్లు వజీరాబాద్ సందులోని ఆ ఇరుకు గదిలో నాలుగు మిషన్లు ఉండేవి. ఒక్కోటి బీరువా అంత. రూపాయి వేస్తే ఆట మొదలు.

అందులో విమానాల ఆట నాకు ప్రాణం. ఎర్ర బొత్తాం అరిగి నున్నబడింది. హ్యాండిల్ పట్టుకుంటే చెయ్యంతా ఇనుము వాసన వచ్చేది. పొద్దుటి నుంచి రాత్రి దాకా మిషన్‌ది ఒకటే పాట, ఆ పాట నిద్రలో కూడా వినిపించేది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి "నంబర్ మాఝా, నంబర్ మాఝా" అని, వంతు నాదంటే నాదని, మరాఠీలో అరిచేవాళ్లు. అంత గోలలోనూ ఒక కట్టుబాటు మాత్రం తప్పేది కాదు.

తెర కింద జానెడు వెడల్పు చెక్క ఉండేది. ఆడాలనుకున్నవాడు తన రూపాయి దాని మీద పెట్టాలి. అదే వాడి నంబర్. వంతు రాగానే ఆ రూపాయే మిషన్‌లో వేసి ఆడాలి. ఆట అయిపోయినవాడు మళ్లీ ఆడాలంటే వరస చివర ఇంకో రూపాయి పెట్టాలి. పెట్టిన రూపాయి ఊరికే తీయకూడదు, తీస్తే ఆ చోట ఇంకొకరు పెట్టాలి. వరస తప్పినవాణ్ని బాపు చెవి మెలేసి బయటికి పంపేవాడు. రూపాయిలన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరి గుర్తు వాళ్లకు ఉండేది. మా తమ్ముడు స్వప్నిల్ నా గోళ్ల రంగు దొంగిలించి తన రూపాయి మీద ఎర్ర చుక్క పెట్టేవాడు. దాని కోసం వాణ్ని ఎన్నిసార్లు కొట్టానో.

ఆడపిల్లలు ఆడితే బాగుండదని బాపు నన్ను ఆడనిచ్చేవాడు కాదు. మధ్యాహ్నం ఆయన అన్నానికి ఇంటికి వెళ్లినప్పుడు షట్టర్ సగం దించి మేమిద్దరం కాపలా ఉండేవాళ్లం. అప్పుడు ఆ దుకాణానికి రాణిని నేనే.

ఒక ఏడు మే నెల. నాకు పద్నాలుగు, స్వప్నిల్‌కు పదకొండు. ఎండలో తిరిగి వచ్చాడు. ఆ రోజు నా ఆట ఎన్నడూ లేనంత బాగా సాగుతోంది.

"అక్కా, తలకాయ నొస్తుంది. ఇంటికి పోదాం పా."

నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు. "జర ఆగు. ఇగ అయిపోతది."

"గట్లయితే తర్వాత నంబర్ నాది," అని ఎర్ర చుక్క రూపాయి చెక్క మీద పెట్టి, మూలన గోనె సంచుల మీద పడుకున్నాడు. నేను గంట ఆడాను. ఆట అయ్యాక పిలిస్తే పలకలేదు. వడదెబ్బ అన్నారు డాక్టరు. రెండో రోజు పోయాడు.

వాడు ఇంటికి పోదామని అడిగిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. బాపుకు కూడా. ఆయన మూడు మిషన్లు అమ్మేసి, ముందు బట్టల కొట్టు పెట్టి, ఈ విమానాల మిషన్ ఒక్కదాన్ని వెనక గదిలో పెట్టాడు. రూపాయి తియ్యనివ్వలేదు. "వాని నంబర్ ఇంకా రాలే," అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నేల చీలితే బాగుండు అనిపించేది.

బాపు పోయి ఏడాదైంది. దుకాణం మొబైల్ ఫోన్లవాళ్లు కొనుక్కున్నారు. మొన్న మే నెలలో మిషన్‌ను తుక్కు వ్యాపారి దేవన్నకు అప్పగించాలని వెళ్లాను. నాలుగింటికి టెంపో తెస్తానన్నాడు. సెలవులని మా అమ్మాయి స్నేహల్ కూడా వెంటబడి వచ్చింది. దానికి పన్నెండేళ్లు.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. షట్టర్ సగం దించాను. నేల మీద ఒక చార వెలుతురు, అంతే. వెనక గదిలో ఎలుకల వాసన, తడిసి ఎండిన చెక్క వాసన. కరెంటు మీటరు తీసేసి చాలా రోజులైంది. మిషన్ వైరు నా కాళ్ల దగ్గరే చుట్టలా పడి ఉంది. దాని మీద దుమ్ము.

చెక్క మీద ఎర్ర చుక్క రూపాయి అలాగే ఉంది.

స్నేహల్‌కు అన్నీ చెప్పాను. పాట, అరుపులు, చెవి మెలేయడం, నంబర్ల కట్టుబాటు. ఎంత బాగా చెప్పానంటే నేనే మురిసిపోయాను. చెప్పకూడనిది ఒక్కటే దాచుకున్నాను.

"అయితే మామ తర్వాత నంబర్ నాది," అని అది బాపు బల్ల సొరుగులోంచి పాత రూపాయి తీసి, ఎర్ర చుక్క పక్కన టక్కున పెట్టింది.

వద్దనబోయాను. కానీ ఎందుకు వద్దో చెప్పాలంటే ఆ దాచుకున్నదే చెప్పాలి.

కాసేపటికి పాట మొదలైంది. మొదట పక్క దుకాణంలో ఎవరిదో ఫోను అనుకున్నాను. చాలా సన్నగా... నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టు. తర్వాత వేడెక్కిన దుమ్ము వాసన. పాత టీవీ పెడితే వచ్చే వాసన. ఆ తర్వాత మిషన్ కడుపులో ఇనుప డబ్బాలో రూపాయి పడిన చప్పుడు.

చెక్క మీద చూశాను. ఒక్క రూపాయే ఉంది. స్నేహల్‌ది.

తెర పచ్చగా వెలిగింది. వైరు నా కాళ్ల దగ్గరే ఉంది. హ్యాండిల్ దానంతట అదే కదిలింది. ఎడమకు... మళ్లీ ఎడమకు. బుల్లి విమానం తెర ఎడమ అంచుకు అతుక్కుని ఎగురుతోంది. నాందేడ్ మొత్తంలో అలా ఆడేవాడు ఒక్కడే. "గోడకు ఆనుకుంటే భయం కాదక్కా," అనేవాడు.

పారిపోవాల్సింది. నేను పారిపోలేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషం వచ్చింది, రెండూ ఒకేసారి. "ఆడు నాయినా, ఆడు," అన్నాను. బొత్తాం లోపలికి పోతోంది, పైకి వస్తోంది. ఎంతసేపు చూశానో తెలియదు. వాడు నా పక్కనే ఉన్నాడు. చెమట, చింతపండు బిళ్లల వాసన... వాడి వాసన.

"మమ్మీ, తలకాయ నొస్తుంది. ఇంటికి పోదాం."

నేను తెర మీంచి కళ్లు తిప్పలేదు.

"జర ఆగు. ఇగ అయిపోతది."

ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చాక విన్నాను.

వెనక్కి తిరిగాను. స్నేహల్ మూలన సంచుల మీద పడుకుని ఉంది. వచ్చినప్పుడు ఆ మూల సంచులు లేవు. ఒళ్లు ముట్టుకుంటే చెయ్యి కాలింది. పెదవులు ఎండిపోయాయి. పిలిస్తే కనురెప్ప కూడా కదలలేదు.

తెర మీద వాడికి ఒక్క విమానమే మిగిలింది. అది పోతే తర్వాత నంబర్ స్నేహల్‌ది.

రూపాయి తియ్యబోయాను. రాలేదు. గోరు పెట్టి లాగాను. రాలేదు... రూపాయి మీద చల్లగా ఏదో ఉంది. చిన్నది. వేలంత.

"అక్కా..." చెవి పక్కనే గుసగుస. "వరస తప్పొద్దక్కా. బాపు కొడతడు."

కోపం లేదు ఆ గొంతులో. పదకొండేళ్ల గొంతు. కట్టుబాటు తెలిసిన మంచి పిల్లాడి గొంతు.

సొరుగు లాగాను. చేతికందిన రూపాయి తెచ్చి స్నేహల్ రూపాయిని ఆనించి పెట్టాను. "దాని జాగల నాది పెడుతున్న తమ్మీ. దాన్ని ఇడువు."

బొత్తాం చప్పుడు ఆగింది. పాట సాగుతూనే ఉంది. తర్వాత పిల్ల రూపాయి తేలిగ్గా నా చేతికొచ్చింది.

పిల్లను భుజాన వేసుకుని పరుగెత్తాను. షట్టర్ కింద వంగేటప్పుడు వినిపించింది.

"పోతున్నవా అక్కా?"

పిల్లతో బయటపడ్డాను. అప్పుడు వాడి కోసం ఆట వదలలేదు, ఇప్పుడు ఆడుతున్న వాణ్ని వదిలేసి వచ్చాను. రెండుసార్లూ వాడికే అన్యాయం చేశాను.

ఎదురుగా చెరకు రసం బండివాడు పిల్ల నెత్తిన బిందెడు నీళ్లు పోశాడు. పది నిమిషాల్లో లేచి కూర్చుంది. ఒళ్లు చల్లగా ఉంది. "నేనెప్పుడు పండుకున్న?" అని అడిగింది.

దేవన్న నాలుగింటికి వచ్చి మిషన్ ఎత్తుకుపోయాడు. తెర నల్లగా ఉంది. మూలన సంచులు లేవు. మర్నాడు అతను ఆ చెక్కను గుడ్డలో చుట్టి మా ఇంటికి తెచ్చాడు.

"మిషన్ అంత ఇప్పినం బాయీ. గీ రూపాయి ఊడుతలేదు. ఉలి పెట్టి కొట్టిన, చెక్క పగిలింది గని ఇది రాలే. మీ బాపు గుర్తేమోనని తెచ్చిన."

"లోపల డబ్బాల ఏమన్న ఉండెనా? ఎర్ర చుక్క రూపాయి?"

"ఏం లేదు బాయీ. ఖాళీ."

చెక్కను బీరువా పైన పెట్టాను. రోజూ మధ్యాహ్నం స్టూలు వేసుకుని చూస్తాను. నా రూపాయి ఒక్కటే ఉంటుంది. ఉందంటే నా నంబర్ ఇంకా రాలేదన్నమాట. వాడు బాగా ఆడతాడు, ఒక్క విమానంతో మధ్యాహ్నమంతా ఆడిన రోజులున్నాయి. ఆడనీ. నాకు పిల్ల ఉంది, దాని పెళ్లి చూడాలనుంది. అయినా కొన్నిసార్లు, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, వాడు ఒక్కడే ఎంతకాలం ఆడతాడు అనిపిస్తుంది.

ఇవాళ మూడింటికి స్టూలు ఎక్కాను. నా రూపాయి ఉంది. దాని వెనక ఇంకొకటి ఉంది. మళ్లీ ఆడాలని ఎవరో వరస చివర పెట్టుకున్న రూపాయి.

వాడి ఆట అయిపోయింది.

వేలితో ముట్టుకున్నాను. ఎర్ర చుక్క ఇంకా ఆరలేదు.